పవర్ డిక్కీని మీ ఇంటికి తగ్గట్టు సెట్ చేసుకోవడం ఎలా?

కొత్త కారు ఇంటికొచ్చిన రోజున కొబ్బరికాయ కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించాక, ఒక్క అరగంట డిక్కీకి కేటాయించండి. పవర్ టెయిల్‌గేట్ (బటన్ నొక్కితే దానంతటదే తెరుచుకునే డిక్కీ డోర్) ఉన్న కారు కొన్నవాళ్ళలో చాలామంది ఆ పని చేయరు. షోరూంలో డెలివరీ రోజున ఒకసారి బటన్ నొక్కి చూపిస్తారు. డిక్కీ దానంతటదే లేస్తుంది, పిల్లలు చప్పట్లు కొడతారు, అక్కడితో అయిపోతుంది. తర్వాత ఏడాది పాటు ఇంట్లో సగం మంది దాన్ని మామూలు డిక్కీ లాగే చేత్తో లాగి మూస్తుంటారు. ఆ డోర్ వల్ల ఎంత తేలికవుతుందో మా ఇంట్లో చూశాను కాబట్టి, ఇంకొకరి ఇంట్లో అది వాడకుండా పడి ఉండటం నాకు బాధగా ఉంటుంది.

మాది నల్లగొండ. ఇంట్లో మోకాళ్ళ నొప్పులున్న అమ్మ, నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు. అత్తగారిది బత్తాయి తోట. కోత రోజుల్లో అక్కడికి వెళ్తే ఉత్త చేతులతో తిరిగి రానివ్వరు. నెలకొకసారి హైదరాబాద్, మొక్కులుంటే చెర్వుగట్టు, సెలవులకు సాగర్. ఏ ప్రయాణమైనా సామానుతోనే మొదలై సామానుతోనే అయిపోతుంది. ఇట్లాంటి ఇంటికి ఈ డోర్ నిజంగా పనికొస్తుంది. కాకపోతే ముందు కొన్ని పనులు చేసుకోవాలి.

మొదలుపెట్టే ముందు ఒక మాట. హ్యుందాయ్ టక్సన్, టాటా హారియర్, సఫారీ, ఎంజీ హెక్టర్, టయోటా ఫార్చ్యూనర్, ఇన్నోవా హైక్రాస్ లాంటి కార్లలో ఈ సౌకర్యం వస్తుంది కానీ, అన్ని వేరియంట్లలో రాదు, ఎక్కువగా పై వేరియంట్లలోనే ఉంటుంది. బటన్లు ఉండే చోటు, నొక్కాల్సిన తీరు కంపెనీని బట్టి కొంచెం మారతాయి. నేను చెప్పేది అన్నిటికీ దాదాపు ఒకటే. తేడా వచ్చినచోట కారుతో ఇచ్చిన మాన్యువల్ మాటే వినండి.

ముందు అది ఎట్లా పనిచేస్తుందో చూడండి

డిక్కీ పైకెత్తి పక్కలకు చూస్తే నల్లటి గొట్టాలు కనిపిస్తాయి. మామూలు కార్లలో వాటిలో గ్యాస్ ఉంటుంది. మీ కారులో ఆ గొట్టం లోపల చిన్న మోటార్, గేర్లు, పొడవాటి మర, దాని చుట్టూ స్ప్రింగ్ ఉంటాయి. మోటార్ తిరిగితే మర తిరుగుతుంది, మర తిరిగితే గొట్టం సాగుతుంది, డోర్ లేస్తుంది. డోర్ బరువులో చాలా భాగం స్ప్రింగే మోస్తుంది కాబట్టి అంత చిన్న మోటార్ సరిపోతుంది. కొన్ని కార్లలో రెండు వైపులా మోటార్ ఉంటుంది, కొన్నిట్లో ఒకవైపే.

ఇంకో సంగతి కూడా తెలిసి ఉండాలి. మోటార్ ఎన్ని చుట్లు తిరిగిందో కారులోని కంప్యూటర్ లెక్కపెట్టుకుంటుంది. డోర్ ఇప్పుడు ఎంత ఎత్తులో ఉంది, ఎక్కడ ఆగాలి, దారిలో ఏదైనా అడ్డం తగిలిందా అన్నది ఆ లెక్కతోనే దానికి తెలుస్తుంది. తిరుగుతూ తిరుగుతూ మోటార్ ఒక్కసారిగా నెమ్మదిస్తే ఏదో అడ్డం పడిందని గ్రహించి ఆగుతుంది, లేదా వెనక్కి తిరుగుతుంది. ఈ లెక్క సంగతి గుర్తుంచుకోండి, బ్యాటరీ దగ్గర మళ్ళీ వస్తుంది.

అందుకే డోర్ కదులుతుండగా దాన్ని పట్టుకుని బలంగా లాగడం, తొందరపడి పైనుంచి దబ్బున నొక్కడం మానేయండి. చాలా కార్లలో చివరి రెండు వేళ్ళ సందు మిగిలినప్పుడు లాక్ తనే డోర్‌ను లోపలికి గుంజుకుంటుంది. మన బలం అక్కడ అక్కర్లేదు.

ఎత్తు సెట్ చేయండి. ఇది మాత్రం మొదటి రోజే

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. నేను చేయలేదు, దాని గుర్తు ఇంకా మా కారు మీద ఉంది.

కారు వచ్చిన మూడో రోజు అది. మా పోర్టికో పాత ఇంటిది, పైన స్లాబ్ కిందికి ఉంటుంది, దానికి ఇనుప కొక్కెం కూడా ఉంది. ఒకప్పుడు అమ్మమ్మ దానికే ఊయల కట్టేదట. నేను సంచులు పట్టుకుని నిలబడి తాళం చెవి బటన్ నొక్కాను. డోర్ మెల్లగా, అందంగా లేచింది. చివర్లో టక్కుమని చప్పుడైంది. కొక్కెం కొస సరిగ్గా డోర్ పై అంచుకు తగిలి, పెసరగింజంత పెయింట్ లేచిపోయి కింద తెల్లటి ప్రైమర్ కనిపించింది. అడ్డం తగలగానే డోర్ ఆగింది, నిజమే. కానీ తగిలాకే కదా ఆగేది. పైన స్లాబ్ ఉందని డోర్‌కు ముందే తెలియదు.

చేయాల్సింది ఇది. కారును మీరు రోజూ నిలిపే చోటే నిలపండి. డిక్కీ తెరవండి, పైకి తగలకముందే బటన్ నొక్కి మధ్యలో ఆపండి. తర్వాత చేత్తో మెల్లగా ఎత్తుతూ, పైన స్లాబుకూ డోర్‌కూ మధ్య జానెడు ఖాళీ ఉండేలా చూసుకోండి. డోర్‌ను అక్కడే ఉంచి, దాని కింది అంచున ఉన్న మూసే బటన్‌ను మూడు సెకన్ల పాటు నొక్కి పట్టుకోండి. బీప్ అని వినిపిస్తే, లేదా లైట్లు వెలిగి ఆరితే ఎత్తు గుర్తు పెట్టుకున్నట్టే. కొన్ని కార్లలో ఇదే పనిని ముందు స్క్రీన్ మీద సెట్టింగ్స్‌లో చేయాలి. ఒకసారి మూసి, మళ్ళీ తెరిచి, అక్కడే ఆగుతోందో లేదో చూడండి.

స్లాబ్ ఒక్కటే కాదు, ఇంట్లో ఎవరి ఎత్తు ఎంత అన్నదీ చూడాలి. డోర్ పూర్తిగా లేస్తే మా ఆవిడకు ఆ మూసే బటన్ అందదు. మునివేళ్ళ మీద నిలబడాల్సి వచ్చేది. అందుకే పొట్టిగా ఉన్నవాళ్ళ చేయి ఎక్కడికి అందుతుందో అక్కడే ఆపుకోవడం మేలు. పొడుగ్గా ఉన్నవాళ్ళు కాస్త తల వంచాల్సి వస్తుంది, వంచుకోవచ్చు. వాళ్ళ నెత్తికి తగలకుండా ఉంటే చాలు. మా ఇంట్లో స్లాబ్ ఒక లెక్క చెప్పింది, మా ఆవిడ చేయి ఇంకో లెక్క చెప్పింది. రెండిట్లో తక్కువదే పెట్టాం.

కారును షట్టర్ ఉన్న గదిలో పెట్టేవాళ్ళు ఇంకొంచెం జాగ్రత్త. డోర్ పైకి లేవడమే కాదు, లేచేటప్పుడు వెనక్కి కూడా వస్తుంది, షట్టర్ మూసి ఉంటే దానికి తగులుతుంది. కారు వెనక డోర్ తిరగడానికి సరిపడా చోటు వదలండి.

కాలితో తెరవడం నేర్చుకోండి

రెండు చేతుల్లో సామానున్నప్పుడు బంపర్ కింద కాలు ఆడిస్తే డిక్కీ తెరుచుకోవడం. అందరూ ముచ్చటపడేదీ ఇదే, రెండుసార్లు పనిచేయకపోతే విసుగొచ్చి వదిలేసేదీ ఇదే. అది పనిచేయకపోవడానికి కారణం తెలిస్తే ఇట్టే వస్తుంది.

బంపర్ లోపల ఎక్కువగా రెండు సెన్సార్లు ఉంటాయి. ఒకటి పైన, ఒకటి కింద. పైది మీ ముంగాలిని చూస్తుంది, కిందిది మీ పాదాన్ని చూస్తుంది. రెండూ ఒకేసారి దగ్గరికొచ్చి, వెంటనే వెనక్కి వెళ్తేనే మనిషి కాలు అని నమ్ముతుంది. దారిన పోయే పిల్లికీ, గాలికి కొట్టుకొచ్చిన కవర్‌కూ తెరుచుకోకుండా ఉండాలని అట్లా చేశారు. కాబట్టి చీపురుతో ఊడ్చినట్టు కాలును పక్కలకు ఊపితే పనిచేయదు. లోపల పెట్టి అట్లాగే ఉంచినా పనిచేయదు. బంతిని మెల్లగా తన్నినట్టు నేరుగా లోపలికి, వెంటనే బయటికి. అంతే. ఆ వెంటనే ఒక అడుగు వెనక్కి వేయండి, లేకపోతే లేచే డోర్ గడ్డానికి తగులుతుంది.

తాళం చెవి మీ ఒంటి మీదే ఉండాలి. జేబులో కానీ, భుజానికి వేసుకున్న బ్యాగులో కానీ. కారు ఆగి ఉండాలి, ఆటోమేటిక్ అయితే గేర్ పార్కింగ్‌లో ఉండాలి. మధ్యలో నిలబడి ప్రయత్నించండి. కొన్ని బంపర్ల మీద కాలు పెట్టాల్సిన చోట చిన్న గుర్తు ఉంటుంది. లాంగ్ డ్రైవ్ చేసి ఆగిన వెంటనే సైలెన్సర్ వైపు కాలు పెట్టకండి, కాలుతుంది.

మా అమ్మకు నేర్పేటప్పుడు చాలాసేపు కుదరలేదు. "ఎన్నిసార్లు తన్నాలె బిడ్డా, ఇది నా మాట వింటలేదు" అంది. చూస్తే చీర కుచ్చిళ్ళు ముందుకు పడి, కాలు కంటే ముందు గుడ్డే లోపలికి వెళ్తోంది. పైగా మోకాలు నొప్పి వల్ల కాలు వేగంగా వెనక్కి రావడం లేదు. ఒంటి కాలి మీద నిలబడటం ఆ వయసు వాళ్ళకు మంచిది కూడా కాదు, జారితే ఎముక విరుగుతుంది. అందుకని అమ్మకు కాలి పద్ధతి మాన్పించి, తాళం చెవి మీద డిక్కీ బొమ్మ ఉన్న బటన్ చూపించాం. దాన్ని ఒకసారి తడితే ఏమీ కాదు, కాసేపు నొక్కి పట్టాలి. ఆ బటన్ చుట్టూ మా ఆవిడ ఎర్రటి నెయిల్ పాలిష్ చుక్క పెట్టింది. అమ్మ ఇప్పుడు అద్దాలు లేకుండానే ఆ బటన్ పోల్చుకుంటుంది.

హ్యుందాయ్ టక్సన్ లాంటి కొన్నిట్లో కాలు కూడా ఆడించక్కర్లేదు. కారు లాక్ చేసి ఉన్నప్పుడు తాళం చెవితో వెనక వచ్చి నిలబడితే, మూడు సెకన్లలో బీప్ చేసి తెరుచుకుంటుంది. పెద్దవాళ్ళున్న ఇంటికి కాలి పద్ధతి కంటే ఇది మేలని నా నమ్మకం. కారు ఎంచుకునే దశలో ఉంటే ఈ తేడా అడిగి తెలుసుకోండి.

మూసేటప్పుడు

తెరవడం సంబరం, మూయడం బాధ్యత. మూసే బటన్ నొక్కితే డోర్ కిందికి రావడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆ కొన్ని సెకన్లలోనే పిల్లలు "నా బొమ్మ లోపలుంది" అని చేయి పెడతారు.

అడ్డం వస్తే ఆగే ఏర్పాటు ఉంది కదా అని ధీమాగా ఉండకండి. అది పెద్ద అడ్డాన్ని బాగా గుర్తిస్తుంది. సన్నటి వేలు, అదీ సరిగ్గా లాక్ దగ్గర, చివరి క్షణంలో పడితే గుర్తించకపోవచ్చు. మాన్యువల్స్‌లో కూడా ఈ హెచ్చరిక ఉంటుంది. పనిచేస్తుందో లేదో చూడాలనుకుంటే తువ్వాలను గట్టిగా చుట్టి అంచున పెట్టి చూడండి. చెయ్యి పెట్టి చూడటం, పిల్లలకు అట్లా చూపించడం మాత్రం వద్దు. పిల్లలు రెండోసారి మీరు లేనప్పుడు చేస్తారు.

మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. మూసే బటన్ పెద్దవాళ్ళే నొక్కాలి. నొక్కేముందు పిల్లలిద్దరూ వెనక నుంచి వచ్చి పక్క డోర్ దగ్గర నిలబడాలి, వాళ్ళ నాలుగు చేతులూ నాకు కనిపించాలి. ముందు సీటులో కూర్చుని డ్యాష్‌బోర్డ్ బటన్‌తో మూయడం మాత్రం నేను అస్సలు చేయను. వెనక ఎవరున్నారో కనిపించదు.

సామాను సర్దేటప్పుడు

బియ్యం బస్తా ముందు, తేలికవి వెనక. పాతిక కిలోల బస్తాను డోర్ అంచుకు ఆనించి పెడితే మూసేటప్పుడు అది తగిలి డోర్ మళ్ళీ లేస్తుంది. డోర్ పాడైందని అనుకుంటారు, పాడు కాలేదు. బత్తాయిల సంచి అయితే మూతి కట్టి, సీటు వైపు వాలేలా పెట్టండి. మేము ఒకసారి మూతి కట్టని సంచి పెట్టుకొచ్చాం. ఇంటి ముందు డోర్ లేవగానే కాయలన్నీ దొర్లుకుంటూ వీధిలోకి వచ్చాయి. మామూలు డిక్కీ అయితే కాస్త తెరిచి, చేయి అడ్డం పెట్టి ఆపగలం. ఇది దానంతటదే పూర్తిగా లేస్తుంది కదా, మనం ఆపేలోపే దొర్లేవి దొర్లిపోతాయి. అట్లాంటప్పుడు బటన్ మరోసారి నొక్కితే డోర్ మధ్యలో ఆగుతుంది. ఆ సంగతి ఇంట్లో అందరికీ చెప్పండి.

చెర్వుగట్టు లాంటి గుట్ట మీద, ఏటవాలు దారిలో ఆపినప్పుడు తొందరపడకండి. కారు ముందు భాగం కిందికి ఉంటే డోర్ లేవడానికి కష్టపడుతుంది, పైకి ఉంటే ఇంకో రకంగా బరువు పడుతుంది. వీలైనంత సమంగా ఉన్న చోటు చూసి ఆపండి. లేకపోతే చేయి దగ్గర పెట్టుకుని తెరవండి. సాగర్ దగ్గర గాలి గట్టిగా వీచేటప్పుడు కూడా ఇంతే, ఆ వెడల్పాటి డోర్ తెరచాపలా గాలిని పట్టుకుంటుంది.

డోర్‌కు అదనపు బరువు తగిలించొద్దు. సైకిల్ స్టాండ్లు, పెద్ద స్టీలు గార్నిష్‌లు (అలంకరణ పట్టీలు), లోపలి వైపు వేలాడదీసే సంచులు, ఇవన్నీ ఆ స్ప్రింగ్ లెక్కను తప్పిస్తాయి.

ప్లైవుడ్, మడత మంచం లాంటి పొడవైన సామాను కోసం డిక్కీ తెరిచే నడిపేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. నడుస్తున్న కారు వెనక గాలి సుడి తిరిగి పొగను లోపలికి లాగుతుంది. అందులో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, వెనక సీటులో పిల్లలు నిద్రపోతున్నారని అనుకుంటాం. విజయవాడ హైవే మీద అట్లా డిక్కీ తాడుతో కట్టి, వెనక మనుషుల్ని కూర్చోబెట్టుకుని వెళ్ళే కార్లను చూసినప్పుడల్లా నాకు గుండె దడ పుడుతుంది. ట్రాలీ ఆటో మాట్లాడుకోండి.

వాటర్ వాష్‌కు ఇచ్చేటప్పుడు

తాళం చెవి జేబులో పెట్టుకుని ఇంటి ముందు బకెట్టుతో కారు కడిగితే, బంపర్ దగ్గరి నీళ్ళనో, గుడ్డనో, మీ కాలినో చూసి డిక్కీ తెరుచుకోవచ్చు. నేను రెండు మగ్గుల నీళ్ళు లోపల కార్పెట్ మీద పోసుకున్నాక అర్థమైంది. కడిగేటప్పుడు తాళం చెవి ఇంట్లో, కారుకు దూరంగా పెట్టండి. వాష్ సెంటర్‌లో ఇచ్చినప్పుడు కాలి సెన్సార్‌ను సెట్టింగ్స్‌లో ఆఫ్ చేయండి, లేదా తాళం చెవిని కారుకు దూరంగా పెట్టమని చెప్పండి.

వానాకాలంలో మన నల్లరేగడి బురద బంపర్ కింద మందంగా పట్టేస్తే సెన్సార్‌కు కాలు సరిగా కనిపించదు. గుడ్డతో తుడిస్తే చాలు. గొట్టాల్లో సాగే భాగాన్ని పొడి గుడ్డతో తుడవండి. గ్రీజు, నూనె రాయొద్దు, దుమ్ము దానికే అతుక్కుని లోపలికి పోతుంది. డోర్ చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ మీద ఇసుక రేణువులు ఉన్నా సరిగా మూసుకోదు.

బ్యాటరీ విప్పితే, బ్యాటరీ పోతే

ఇంజన్ ఆపి, పిల్లల సరదా కోసం పదేపదే తెరిచి మూస్తే బ్యాటరీ దిగిపోతుంది, మోటార్ వేడెక్కుతుంది. ఇంటికొచ్చిన చుట్టాలకు చూపించాలంటే ఒకసారి చూపించండి, చాలు.

కొత్త బ్యాటరీ వేయించాక డిక్కీ బటన్‌కు పలకకపోతే కంగారు పడకండి. మోటార్ చుట్ల లెక్క అని మొదట్లో చెప్పాను కదా, కరెంటు తెగితే చాలా కార్లలో ఆ లెక్క చెరిగిపోతుంది. డోర్ ఎక్కడుందో కారుకు తెలియదు. చేత్తో మెల్లగా పూర్తిగా మూయండి, లాక్ పడిన శబ్దం వినండి. ఎక్కువ కార్లకు అదే కొత్త సున్నా. తర్వాత బటన్‌తో ఒకసారి పూర్తిగా తెరిచి మూయండి. కొన్నిటికి బటన్లను ఒక వరుసలో నొక్కి రీసెట్ చేయాలి, అది మాన్యువల్‌లో ఉంటుంది. రీసెట్ అయ్యాక ఎత్తు మళ్ళీ సెట్ చేయడం మర్చిపోకండి. నేను మర్చిపోయి ఉంటే ఆ కొక్కేనికే రెండో గాటు పడేది. ఈసారి ముందే గుర్తొచ్చి, కారును వీధిలోకి తీసి చేశాను. తర్వాత మేస్త్రీని పిలిచి కొక్కేన్నే కోయించేశాను. అమ్మ కాసేపు చూసి, ఆ ముక్కను తీసి దాచుకుంది.

బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే బటన్లేవీ పనిచేయవు. అప్పుడు లోపలి నుంచి తెరవాలి. వెనక సీటు మడిచి డిక్కీలోకి పాక్కుంటూ వెళ్తే, డోర్ లోపలి వైపు కింద చిన్న ప్లాస్టిక్ మూతో, రంధ్రమో కనిపిస్తుంది. దానిలో ఉండే లీవర్‌ను వేలితోనో, స్క్రూడ్రైవర్‌తోనో, స్మార్ట్ కీలో (బటన్లుండే తాళం చెవిలో) దాగి ఉండే చిన్న మామూలు తాళం చెవితోనో పక్కకు జరిపితే లాక్ ఊడుతుంది. తర్వాత డోర్‌ను మోచేతులతో పైకి నెట్టాలి, బరువుగానే ఉంటుంది. దీన్ని ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంటి ముందే సాధన చేయండి. మీరు ఒకసారి, ఇంట్లో బండి నడిపేవాళ్ళు ఇంకొకసారి. మా ఆవిడకు నాకంటే త్వరగా దొరికింది.

స్టెపినీ, జాకీ ఎట్లాగూ వెనకే ఉంటాయి. టార్చ్‌ను మాత్రం డిక్కీలో పెట్టకండి. చీకట్లో ఆ లీవర్ వెతకడానికే అది కావాలి, ముందు గ్లోవ్ బాక్సులో పెట్టండి.